ఆకు కోయని అడవితల్లి నోము

పూర్వమొకప్పుడు దాల్భ్యముని మాండవ్య మహర్షికి మ్రొక్కి, మోడువారిన కొండకు మరల పచ్చదనము తెచ్చు వ్రతమేదైన కలదా యని అడిగెను. అందులకు మహర్షి ఇట్లు చెప్పసాగెను.

వానలు తక్కువైన సీమలో, ఒక కొండవాలున, సిద్ధప్ప అను బొగ్గులు కాల్చువాడును వాని ఇల్లాలు ఓబక్కయు కాపురముండిరి. ఊరివారు కొండ నరికిరి, సిద్ధప్ప కాల్చెను, మిగిలిన చిగురు మేకలు మేసెను. వాన కురిసినను నీరు నిలువక మట్టితో సహా జారిపోయెను. కొండ క్రింది చెలమ ఎండెను. కొందరు వలసపోయిరి. చంకబిడ్డకు గుక్కెడు నీళ్ళు లేని చోట ఎట్లు బతుకుదుమని సిద్ధప్ప ఊరు విడువ నిశ్చయించెను. పుట్టిన మట్టిని వదలలేక ఓబక్క కంట తడిపెట్టెను.

అప్పుడు అడవితల్లి పుల్లలేరుకొను ముసలమ్మ రూపున వచ్చి, కొంగు ముడి విప్పి చండ్ర, మోదుగ, రేగు గింజలిచ్చెను. ఇవి కరవునకు జంకని చెట్లనియు, వాలునకు అడ్డముగా నెలవంక గట్లు వేసి తొలకరిలో నాటవలెననియు, మూడేండ్లు గొడ్డలిని, మేకను దరిజేరనీయరాదనియు, అదియే తన నోమనియు చెప్పెను. రెండు కోసుల దూరమునుండి తానే నీళ్ళు మోసెదనని ఓబక్క పెనిమిటిని బతిమాలి, మూడేండ్ల గడువు పుచ్చుకొని అట్లే చేసెను. మొక్కలు మోకాలెత్తు లేచెను. చెలమలో చెమ్మ కనబడెను.

ఉద్యాపననాడు ఓబక్క సంతోషము పట్టలేకపోయెను. మహా భక్తురాలాయె, చేయి ఊరకుండునా? మొక్కమొక్కకు చిగుళ్ళు త్రుంచి, గంపెడు పత్రితో అమ్మను పూజించెను. ఆ వేసవికి బోడి మొక్కలన్నియు మాడెను. చెమ్మ ఇంకిపోయెను. సిద్ధప్ప మూట కట్టెను.

ఓబక్క కొండెక్కి మొత్తుకొనగా ముసలమ్మ మరల వచ్చెను.

"నా తల వెంట్రుకలు పెరికి నాకే పెడితివి కదే, పిచ్చి తల్లీ" అనెను.

ఓబక్క సిగ్గుతో కుమిలిపోయెను. అమ్మ దయగలది గనుక, మాడిన మొక్క మొదలు గోటితో గీరి లోపలి పచ్చిని చూపి, వేరు బతికియున్నదనియు, ఈసారి ఏమియు కోయవలదనియు చెప్పి అదృశ్యమయ్యెను. ఓబక్క పెనిమిటిని చేయిపట్టి తీసికొనిపోయి ఆ పచ్చిని చూపెను. సిద్ధప్ప చాలసేపు చూచి, మూట దింపి, ఎండుకంప లాగి కంచె కట్టెను. తొలకరికి మొదళ్ళు చిగిర్చెను. ఏండ్లు గడచి చెలమ నిండెను. నాటి చంకబిడ్డ తన దోసిట ముంచుకొని త్రాగెను. వలసపోయినవారు తిరిగి వచ్చిరి.

కావున దాల్భ్యా, కొండ నరికినవారును, నరుకుచుండగా చూచి ఊరకున్నవారును, మేకలు కాచువారును, క్రొత్తగా కాపురము పెట్టినవారును ఈ నోము నోచదగుదురు. నోచినవారికి ఊటనీరు, పశువులకు మేత, పిల్లలకు రేగుపండ్లు కలుగును. ఈ నోమునకు పత్రి లేదు. కథ విన్నవారు అక్షతలు చెట్టు మొదట చల్లి, ఒక్క ఆకైనను తుంపక, ఒట్టి చేతులతో ఇల్లు చేరవలెను.