రాతి మీది దరువు

కొండమిట్ట రాజు ముమ్మడిరాయుడికి ఆ రోజు ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి. పొరుగు రాజు తమ్ముడంతటివాడు తన కొడుక్కి రాజుగారి అమ్మాయి సంబంధం మాట్లాడదామని తరలివస్తే, రాజవీధిలో పలకరించే నాథుడు లేడు. తలుపులన్నీ బిగించేసి ఉన్నాయి. ఆ పెద్దమనిషి గుర్రం మీంచి అటూ ఇటూ చూసి, ఊళ్ళో అమ్మవారు పోసిందా ఏమిటని అడిగాడట. తర్వాత మూతి ముడుచుకుని విడిదింట్లో కూర్చున్నాడు.

వీధి ఖాళీ చేయించినవాణ్ణి పట్టుకురమ్మన్నాడు రాజు. పట్టుకొచ్చారు. కోటగుమ్మం మీద నగారా కొట్టే ఓబయ్య. పెళ్ళాం పిల్లల్ని బండెక్కించుకుని వచ్చి కొలువులో చేరి నెల కూడా కాలేదు.

"రాతి మీద ఉన్నట్టే కొట్టాను దొరా. అతిథులొస్తున్నారు, బయటికి రండి అని. కొట్టగానే అందరూ లోపలికి పరుగెత్తారు. ఎందుకో నాకు తెలీదు."

ఈ రాతి సంగతి మీకు చెప్పాలి. కొండమిట్టలో కబుర్లన్నీ నగారా మీదే నడుస్తాయి. ఒక దరువు కొడితే సంత మొదలైందని, ఇంకోటి కొడితే కాలవకి నీళ్ళు వదిలారని. ఆ దరువుల భాషని రాజుగారి తాత ఊరందరికీ ఇచ్చేశాడు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా కొత్త మాట కలపచ్చు. ఏ దరువుకి ఏ అర్థమో నలుగురికీ తెలియాలని కోటగుమ్మం పక్కన రాతి మీద చెక్కించాడు కూడా. ఆయన పోయాక ఊరు తన అవసరం కొద్దీ దరువులు మార్చుకుంటూ పోయింది. రాయి మాత్రం ఉన్నచోటే ఉంది.

రాతి బాధ్యత లింగావధానిగారిది. ఫలానాది మారిందండీ, కాస్త దిద్దించండి అని ఎవరొచ్చినా, ముందు ఛందస్సు తప్పకుండా పద్యంలో అర్జీ రాసుకు రమ్మనేవారు. నగారా కొట్టేవాడికి ఛందస్సు ఎక్కణ్ణించి వస్తుంది? వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోయారు. పాతవాళ్ళకి రాయితో పని లేదు, కొత్తవాడికి రాయి తప్ప దిక్కు లేదు.

రాతిలో తప్పుందా అని రాజు అవధానిగారిని అడిగాడు.

"తప్పా? అది తమ తాతగారి వాక్కు ప్రభూ. వీడే దరువు తప్పి కొట్టి ఉంటాడు."

తాతగారి మాట వచ్చేసరికి రాజు ఇంకెవర్నీ అడగలేదు. ఓబయ్య రేపటికల్లా రాజ్యం విడిచిపోవాలని రాజు తీర్పు చెప్పేశాడు. పాపం, నెల తిరక్కుండా వాడు మళ్ళీ బండి కట్టుకోవాలి.

సింహాసనం పక్కన తిప్పమ్మ తమలపాకులకి సున్నం రాస్తోంది. రాజుగారికి తాంబూలం అందించే పని ఆవిడది. ఆవిడ నోటికి కోటలో జడవనివాళ్ళు లేరు. ఓబయ్యని చూస్తే ఆవిడకి జాలేసింది. దరువు వాడు సరిగ్గానే కొట్టాడని ఆవిడకి తెలుసు, సభలో సగం మందికి తెలుసు. తాతగారిది తప్పని రాజు మొహాన చెప్పేదెవరు? రాజుకా, దరువులతో పనే లేదు. ఆయనకి కబుర్లు మనుషులే మోసుకొస్తారు.

తిప్పమ్మ చిలక చుట్టి అందిస్తూ, అతిథి అలిగి కూర్చున్నాడు కదా, సాయంత్రం మళ్ళీ ఘనంగా స్వాగతం చెప్పిద్దాం అంది. అవధానిగారే దగ్గరుండి ఓబయ్యకి దరువు నేర్పి, దండ పుచ్చుకుని వీధిలో ముందు నిలబడితే ఆ గౌరవమే వేరు అంది. రాజుకి నచ్చింది. అవధానిగారి ఛాతీ రెండింతలైంది.

ఆయన రాతి ముందు నిలబడి అందులో అక్షరాలు రాగం తీసి చదివారు. ఓబయ్య ఒప్పజెప్పాడు. సరిగ్గా అదే, ఇలాగే కొట్టమన్నారు. పుట్టి బుద్ధెరిగాక నగారా ముట్టుకోని మనిషి, ఆ అక్షరాలు మోగితే ఎలా ఉంటాయో ఆయనకేం తెలుసు?

సాయంత్రమైంది. మేడ మీద రాజు, పక్కన మూతి ముడుచుకున్న అతిథి; నగారా మోగగానే ఇద్దరూ వీధిలోకి దిగాలి. వీధి కిటకిటలాడుతోంది. నడిమధ్య అవధానిగారు పట్టు కండువా సర్దుకుని, బంతిపూల దండ ఎత్తి, పద్యానికి గొంతు సవరించుకున్నారు.

నగారా మోగింది.

అంతే, దండ అవతల పారేసి అవధానిగారు కాళ్ళకి బుద్ధి చెప్పారు. కండువా ఒకచోట, చెప్పులు ఒకచోట. ఊరి జనం కన్నా ముందు ఆయనే గంధాలమ్మే శెట్టి అరుగెక్కి స్తంభాన్ని వాటేసుకున్నారు.

తిప్పమ్మ తాపీగా అరుగు దగ్గరికి వెళ్ళింది.

"అదేమిటి అవధానిగారూ, అతిథులొస్తుంటే అరుగెక్కారు?"

"అతిథులేమిటే నీ మొహం, ఏనుగుల్ని వదిలారు! దరువు వినపడటంలా?"

అనేశాక గానీ ఏమన్నారో ఆయనకే తెలియలేదు. తిప్పమ్మ మేడ వైపు తిరిగింది.

"ప్రభూ, అవధానిగారి నోరు రాతిని నమ్మింది. కాళ్ళు మాత్రం ఊరినే నమ్మాయి."

ఏనుగుల్ని స్నానానికి ఈ వీధినే తోలుకెళ్ళడం మొదలెట్టాక జనం ఆ దరువుని అలా వాడుకుంటున్నారని అప్పుడు విడమరిచి చెప్పింది. రాజు ముందు తెల్లబోయాడు. తర్వాత పగలబడి నవ్వాడు. అతిథి అయితే పొట్ట పట్టుకుని, ఇంత సరదా ఊరికి పిల్లాణ్ణి అల్లుడిగా పంపడానికి తనకేం అభ్యంతరం లేదన్నాడు. ఓబయ్య కొలువు ఓబయ్యకి ఉంచమని, రాతికి సున్నం పూయించి పక్కన బొగ్గు పెట్టించమని, దరువు మార్చినవాళ్ళు ఆ రోజే అక్కడ రాసిపోవాలని రాజు ఆజ్ఞ ఇచ్చాడు.

అవధానిగారు ఇంకా స్తంభం వదల్లేదు.

"ఏనుగులు పోయాయా తిప్పమ్మా? దిగచ్చా?"

"దిగచ్చని చెప్పే దరువు ఊళ్ళో ఉందండీ. మీ రాతి మీదే లేదు."

"అయితే రాయించెయ్యవే తల్లీ, ఇప్పుడే రాయించెయ్."

వీధి వీధంతా గొల్లుమంది. రాజు కళ్ళు తుడుచుకుంటూ చేతి కంకణం తీసి తిప్పమ్మకిచ్చాడు. బొగ్గుముక్క మాత్రం అవధానిగారి చేతిలో పెట్టించాడు.