పిడి కింద తుప్పు

వీరమల్లు దొరకు జపాను కత్తులంటే పిచ్చి. ఒక్క చూపుతో అసలేదో నకిలీ ఏదో చెప్పేస్తానని గొప్పలు పోయేవాడు. ఓ రోజు నిండు కొలువులో కత్తి దూసి, "నాలుగు తరాల నాటిది!" అన్నాడు.

అతిథిగా వచ్చిన ఓడవర్తకుడు పిడి విప్పించి చూశాడు. "లోపలి ఇనుముకు పాత తుప్పే లేదు దొరా. ఇది కొత్తది."

దొర ముఖం కందిపోయింది. "కత్తుల గది ఊడ్చే నూకాలు అసలు కత్తి మార్చేసింది! కొరడా తెండి!"

గుమ్మం దగ్గరున్న నూకాలు ముందుకొచ్చి దండం పెట్టింది. "ఎప్పుడు మార్చానంటారు దొరా? తమరు పొగిడాకనా? అప్పట్నుంచీ కత్తి అందరి కళ్లముందే ఉంది. అంతకుముందేనా? మరి ఒక్క చూపుతో కనిపెట్టే తమరికి ఇందాక ఎందుకు తెలియలేదు?"

కొలువులో ఎవరూ నవ్వలేదు. దొరకు అదే ఎక్కువ సిగ్గనిపించింది. తలొంచుకుని పిడి తొడగబోతే కత్తి పక్కకు జారింది. నూకాలే వచ్చి కత్తి కదలకుండా పట్టుకుంది.