ఇసుక తిన్నెకు ముందెవరు?

ఒకానొక రాజ్యంలో యుద్ధమైతే అయిపోయింది గానీ, రాజుగారి గొప్ప మాత్రం అయిపోలేదు. ఆ రాజ్యం కంకణపురం, దాని రాజు చండకేతు. ఏటికి ఆవలి రాజ్యం మల్లెగిరి, దాని రాజు విజయభూపతి. ఇద్దరూ ఎందుకు కొట్టుకున్నారో నన్నడక్కండి, కొట్టుకున్నవాళ్ళకే గుర్తులేదు. గెలిచినవాడు ఎవడూ లేడు. గెలిచామని మాత్రం ఇద్దరూ దండోరా వేయించుకున్నారు.

చివరికి పెద్దమనుషులు కూర్చుని సంధి కుదిర్చారు. ఏటి నడుమ ఉన్న ఇసుక తిన్నె మీద రాజులిద్దరూ కలుసుకుని తాంబూలాలు మార్చుకోవాలి. ఆ వెంటనే ఇరువైపులా చెరలో ఉన్న సైనికుల్ని ఇళ్ళకు వదిలేయాలి. వరదొచ్చి తిన్నె మునిగేలోగా ఇది జరగకపోతే సంధీ లేదు, గింధీ లేదు. మళ్ళీ కత్తులే.

రాజులిద్దరూ చెరో గట్టునా డేరాలు వేయించారు. బాగానే ఉంది. మరి తిన్నె మీదికి ముందెవరు వెళ్ళాలి?

"చిన్నవాడు ముందొచ్చి కాచుకుంటాడు. పెద్దవాడు ఆలస్యంగా వస్తాడు. ఆ విజయభూపతి ఇసుకలో నిలబడ్డాకే నేను కదిలేది" అన్నాడు చండకేతు మీసం దువ్వుకుంటూ. ఆవలి గట్టున విజయభూపతి కూడా పొల్లుపోకుండా అదే మాట అన్నాడు. ఇంకేముంది, ఇద్దరూ కదలరు.

ఆవల ఏం జరుగుతోందో చూసి చెప్పడానికి చండకేతు ఒక మంచె కట్టించి, దాని మీద తిప్పన్నను కూర్చోబెట్టాడు. తిప్పన్న కొలువులో వేగు. పరాయి రాజ్యాల సంగతులు కనిపెట్టి రాజుకు విన్నవించడం అతని ఉద్యోగం. ఆవలి గట్టునా అలాంటి మంచే ఒకటి, దాని మీద లింగప్ప అనే వేగు.

తిప్పన్న చూడవలసింది విజయభూపతి డేరాను. కానీ అతని కళ్ళు డేరా వెనకున్న వెదురు దడి మీదే ఉండేవి. ఆ దడిలో అతని తమ్ముడు కాచన చెరలో ఉన్నాడు. కాలికి దెబ్బ తగిలింది. పొద్దున్నే కుంటుకుంటూ దడి దగ్గరికొచ్చి ఇటు చూసేవాడు. అన్నం సరిగ్గా పెడుతున్నారో లేదో, మనిషి రోజురోజుకీ చిక్కిపోతున్నాడు.

ఇంతలో ఎగువ కొండల మీద మబ్బులు కమ్మాయి. ఏట్లో నీళ్ళు ఎర్రబడ్డాయి. రాజధాని నుంచి కబురు కూడా వచ్చింది. చెరలో ఉన్నవాళ్ళ తల్లులూ పెళ్ళాలూ కోట గుమ్మం ముందు కూర్చున్నారట, లేవమన్నా లేవడం లేదట. లేవగొట్టడానికి వెళ్ళిన భటులు కూడా వాళ్ళ పక్కనే కూర్చుంటున్నారట. తిప్పన్న ఉన్నదున్నట్టు విన్నవించి, తిన్నె మీదికి దయచేయమని వేడుకున్నాడు.

"ఆడవాళ్ళ ఏడుపులకు రాజులు కదులుతారటయ్యా? ఇంకోసారి ఆ తిన్నె మాటెత్తావంటే మంచె మీద నీ తల ఒక్కటే ఉంటుంది" అన్నాడు చండకేతు. పక్కనున్న సేనాపతి సంబరంగా తలూపాడు. అతనికి కావలసింది మళ్ళీ యుద్ధమే.

తిప్పన్న కడవ తీసుకుని ఏట్లోకి దిగాడు. ఆవలి నుంచి లింగప్ప కూడా దిగాడు. లింగప్ప అల్లుడు ఈవలి దడిలో ఉన్నాడు లెండి. కడవలు ముంచుకుంటూ ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో చెబుతాను, తొందరపడకండి.

మర్నాడు పొద్దున్నే చండకేతు స్నానానికి వేణ్ణీళ్ళు తోడారు. తిప్పన్న పరుగున వచ్చాడు.

"ప్రభూ, ఆగండి! విజయభూపతి ఇంకా స్నానం చేయలేదు."

"అయితే?"

"పెద్దవారు ఆలస్యంగా కదా చేయాలి? తమరు ముందే కానిచ్చేశారంటే మల్లెగిరిలో నవ్వరూ?"

"నిజమే సుమా!" అని రాజు చెంబు కింద పెట్టాడు.

మధ్యాహ్నం విస్తరి వేశారు. గుత్తొంకాయ కూర, ముద్దపప్పు, అప్పుడే కాచిన నెయ్యి. రాజు ముద్ద కలిపాడో లేదో తిప్పన్న మళ్ళీ తయారు.

"ప్రభూ, అవతల ఇంకా విస్తరే వేయలేదు!"

ముద్ద ఆకులో పడిపోయింది. పాపం, రాజుగారు దాని వంక చూసిన చూపు మీరు చూడాల్సింది.

పొద్దు వాలడం మొదలైంది. చండకేతు దిండుకు చేరగిలబడ్డాడు.

"ఇప్పుడైనా తిన్నాడా?"

"లేదు ప్రభూ."

"ఏం రోగం వాడికి?"

"ఆయన కూడా పెద్దవారేనట. తమరు తిన్నాకే తింటారట."

ఎగువన ఉరిమింది. నీళ్ళు అప్పటికే తిన్నె అంచును కోసేస్తున్నాయి. తిప్పన్న ఓరకంట అటే చూస్తున్నాడు. మొహంలో మాత్రం ఏమీ కనిపించనివ్వలేదు.

"మరి ముందెవరు తింటారయ్యా?" అన్నాడు రాజు నీరసంగా.

"ఎవరు చిన్నవారైతే వారు."

"ఎవరూ చిన్నవారు కాకపోతే?"

"ఇద్దరు పెద్దవాళ్ళూ పస్తులతో పోతారు ప్రభూ."

సేనాపతి చెయ్యి కత్తి పిడి మీద పడింది.

"నన్నే వెక్కిరిస్తున్నావా?" అని గర్జించాడు చండకేతు.

"ఎంతమాట! తమరు లేవాలన్నా, కూర్చోవాలన్నా, ముద్ద నోట్లో పెట్టాలన్నా ఆ గట్టు వైపు చూడాల్సి వస్తోంది. యుద్ధంలో తమరిని అడుగు వెనక్కి వేయించలేని మనిషి, ఇప్పుడు డేరాలో ఉండి తమరిని కట్టిపడేశాడే అని నా బాధ!"

రాజు ఆవలి గట్టు వైపు చూశాడు. "అయితే ఏం చేయమంటావు?" అన్నాడు చివరికి.

"ప్రభూ, ఇంటికి చుట్టం వస్తున్నాడంటే అక్కడ ముందే ఉండేదెవరు? ఇల్లు గలవాడు. ఎదురెళ్ళి, కాళ్ళకు నీళ్ళిచ్చి, విస్తరి వేయిస్తాడు. వెనకొచ్చినవాడు ఎంత రాజైనా చుట్టమే. తిన్నె మీద ముందు నిలబడి 'దయచేయండి' అన్నవారిదే ఆ తిన్నె అని లోకం అనుకోదూ?"

చండకేతు దిగ్గున లేచాడు. "ఈ సంగతి వాడికి తోచకముందే... పల్లకీ!"

"పల్లకీ సిద్ధమయ్యేలోగా ఆయన వచ్చేస్తారేమో ప్రభూ."

అంతే. చెప్పులైనా తొడుక్కోకుండా రాజుగారు పరుగు! వెనక గుండిగలు మోసుకుంటూ వంటవాళ్ళ పరుగు! తిప్పన్న మంచె ఎక్కి తలగుడ్డ విప్పి ఊపాడు. అవతలి మంచె మీద కూడా తలగుడ్డ ఊగింది. ఆ డేరాలోంచి విజయభూపతి పంచె ఎగ్గట్టుకుని దూసుకొచ్చాడు, వెనకే ఆయన వంటవాళ్ళు.

ఇద్దరూ ఒక్కసారే తిన్నె ఎక్కారు.

"రండి రండి, దయచేయండి!" అన్నాడు చండకేతు రొప్పుతూ.

"అబ్బే, తమరే దయచేయాలి! కాళ్ళకు నీళ్ళు తీసుకోండి" అన్నాడు విజయభూపతి ఇంకా గట్టిగా రొప్పుతూ.

చుట్టం కావడానికి ఎవరూ ఒప్పుకోలేదు. కానీ పొద్దుట్నుంచీ ఏమీ తినలేదాయె! ఇతని వంట అతను, అతని వంట ఇతను తిని, తాంబూలాలు మార్చుకుని లేచారు.

దడులు తెరిచారు. మొలలోతు నీళ్ళలో ఒకరినొకరు పట్టుకుని సైనికులు దాటుతుంటే, తిప్పన్న ఏట్లోకి ఉరికి కాచనను భుజాన వేసుకుని గట్టెక్కించాడు. ఆఖరివాడు గట్టెక్కి వెనక్కి చూసేసరికి తిన్నె కనిపించలేదు.

అందరూ రాజధాని చేరాక, నిండుకొలువులో సేనాపతి లేచాడు. "ప్రభూ, ఈ తిప్పన్న శత్రువుల వేగుతో కుమ్మక్కయ్యాడు. తలగుడ్డలు ఊపుకోవడం నేను కళ్ళారా చూశాను."

చండకేతు మొహం మాడిపోయింది. "నిజమేనా?"

"నిజమే ప్రభూ. 'మీ రాజును నువ్వు పస్తుంచు, మా రాజును నేను పస్తుంచుతాను, తర్వాత చుట్టం మాట చెప్పి ఇద్దరినీ లేవదీద్దాం' అని ఏట్లో అనుకున్నాం. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఇద్దరు రాజులూ నిజంగానే తినలేదు."

"శత్రువుతో మంతనాలా? దీనికి శిక్ష ఏమిటో తెలుసా?"

కాచన గుమ్మం దగ్గర కర్ర పట్టుకుని నిలబడి అన్న వంకే చూస్తున్నాడు. తిప్పన్న చేతులు కట్టుకున్నాడు.

"తెలుసు ప్రభూ. కానీ నేను ఊపింది తలగుడ్డ, అదీ విజయభూపతి నౌకరుకి. తమరు ఆయన పులిహోర మారు అడిగి మరీ వేయించుకున్నారు. అది శత్రువు తిండి అయితే, ముందు దాని సంగతి విచారించాలి కదా?"

రాజు మీసాలు అదిరాయి. అందరూ కోపం అనుకున్నారు. కాదు, నవ్వు! సింహాసనం చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"పులిహోర మాత్రం భలేగా ఉందయ్యా!" అని తన చేతి బంగారు కడియం తీసి తిప్పన్నకు తొడిగాడు. సేనాపతిని ఆ మంచె ఎక్కి ఏట్లో నీళ్ళు ఎంత వచ్చాయో చూస్తూ కూర్చోమన్నాడు.

ఆ పూట ఇంటి దగ్గర అన్నదమ్ములిద్దరికీ విస్తళ్ళు వేశారు. కాచన ఆబగా తింటున్నాడు. తిప్పన్న మాత్రం చెయ్యి కదపకుండా తమ్ముణ్ణే చూస్తున్నాడు.

"నువ్వు తినవేం అన్నా?" అన్నాడు కాచన.

"కానివ్వరా, పెద్దవాణ్ణి కదా, వెనక తింటాను" అన్నాడు తిప్పన్న.