మూటలమ్మ గుట్టమీద తొలి ముద్ద

నల్లమల అంచున, వాగు పైనుంచి కిందికి దూకే చోట, మూటలమ్మ గుట్ట ఉన్నది. సెలవు రోజు వస్తే చాలు, నీళ్ళలో ఆడుకోవడానికి వచ్చేవారూ దర్శనానికి వచ్చేవారూ కలగలిసి మెట్లన్నీ కిటకిటలాడతాయి. మెట్ల మొదట్లో దేవస్థానం వారి బోర్డు ఒకటి ఉన్నది: ‘బయట వండిన ఆహారం, పానీయాలు గుట్టపైకి తేరాదు.’ దానిని చదవనివారు లేరు, పాటించేవారు కనబడరు. సంచి విప్పి చూపమని అడిగేవారు అసలే లేరు. బిర్యానీ పొట్లాలు తువ్వాళ్ళ కిందా, కూల్‌డ్రింకు సీసాలు పసిపిల్లల బట్టల మధ్యా దర్జాగా పైకి వెళ్తూనే ఉంటాయి. ఎవరూ పట్టించుకోని నియమం ఎందుకు పెట్టారండీ అని అడిగే భక్తుల కోసం ఈ వృత్తాంతం. ఆ నియమం అమ్మవారు పెట్టినది కాదు. ఒక ఆడమనిషి కడుపుమంట పెట్టినది.

పూర్వం ఇక్కడ మెట్లు లేవు, మేకలు నడిచిన దారి ఒక్కటే. రాతిలో వెలసిన అమ్మవారిని మొదట చూసినవారు గొర్రెల కాపరులు. నైవేద్యం వండే హక్కు ఆ వంశంలో పెద్దకోడలిది. దానినే ‘అమ్మవారి పొయ్యి’ అనేవారు. ఆ కాలంలో పొయ్యి ఓబులమ్మ చేతిలో ఉండేది. ఆమె, భర్త మద్దిలేటి గుట్టమీదే కాపురం ఉండేవారు. ఆమె తోడికోడలు సుంకమ్మ కింద పల్లెలో ఉండేది.

ఓబులమ్మ వంటకు వంక పెట్టడానికి ఏమీ లేదు. శుచికి శుచి, శ్రద్ధకు శ్రద్ధ. కానీ సుంకమ్మ చేతిలో ఏముందో ఏమో, ఉత్త చింతచిగురు పప్పు చేసినా తిన్నవారు వేళ్ళు నాకేవారు. గుట్ట ఎక్కబోయే యాత్రికులు ఆమె ఇంటి ముందు ఆగితే, దారిలో ఆకలేస్తుందని కొర్రన్నం, పప్పు మూటకట్టి ఇచ్చేది. వారు పైకి వచ్చి ఆ మూటలు విప్పేవారు. ఓబులమ్మ వడ్డించిన ప్రసాదం కళ్ళకద్దుకొని ఒక్క ముద్ద తిని, కడుపునిండా మూటలోనిది తినేవారు. అది చూసి ఓబులమ్మకు కళ్ళు కుట్టేవి. ఒకనాడు మద్దిలేటి కూడా యాత్రికుల మూటలోంచి ఒక ముద్ద అడిగి తిన్నాడు. ఆ రోజు ఆమె పచ్చి మంచినీళ్ళైనా ముట్టలేదు.

చివరికి కులపెద్దలే, పొయ్యి చిన్నకోడలికి ఇస్తే ఎలా ఉంటుందని గుసగుసలు మొదలుపెట్టారు. ఆ మాట ఓబులమ్మ చెవిన పడింది. పొయ్యి పోతే ఆమెకు మిగిలేదేమిటి? మరునాడు ఆమె తలస్నానం చేసి, తడిబట్టలతో పెద్దల ముందు నిలబడింది.

“అమ్మ నాకు కలలో కనపడింది. నా పొయ్యిమీద ఉడికిందే నా గుట్టమీద తినాల, కింద వండిన కూడు పైకి తెస్తే ఊరుకోను అనింది” అని చెప్పింది.

దేవత మాటకు ఎదురేముంది? పెద్దలు ఆ కట్టడిని ఊరూరా చాటించారు. అమ్మవారి ఆజ్ఞకు మనుషుల కాపలా ఎందుకని ఎవరినీ దారిలో పెట్టలేదు. జనం కొన్నాళ్ళు భయపడ్డారు. తరువాత ఎవరో గొంగడి మాటున ఒక మూట తెచ్చి బండ చాటున తిన్నారు. వారికేమీ కాలేదు. ఇక అందరూ తేవడమే, అందరూ చాటున తినడమే. ఓబులమ్మకు ఇదంతా తెలుసు. తెలిసినా ఒక్కరినీ అడగలేదు. ఆ మూటల్లో సుంకమ్మ వంట లేదు, ఆమెకు అది చాలు. ఆజ్ఞ విన్ననాటి నుంచి సుంకమ్మ ఎవరికీ మూట కట్టడం లేదు.

అయినా ఓబులమ్మ కడుపుమంట చల్లారలేదు. సుంకమ్మ కాన్పు అయి, బిడ్డను అమ్మవారికి చూపడానికి జాతరకు వస్తున్నదని తెలిసింది. బాలింత తిండి లేకుండా గుట్ట ఎక్కదు, తప్పక మూట తెస్తుంది, పదిమందిలో పట్టుకొని పరువు తీయాలి అనుకున్నది ఓబులమ్మ. పొయ్యిమీద ఎసరు వదిలేసి దారి మొదట్లో కాపు కాసింది. ఎదురుగా ఎన్ని మూటలు పోయినా చూడనట్టే ఊరుకున్నది. ఎండ ముదిరాక సుంకమ్మ వచ్చింది. ఓబులమ్మ ఆమె గంప దించి, బిడ్డ పొత్తిళ్ళతో సహా విప్పి చూసింది. పసుపు, కుంకుమ, టెంకాయ తప్ప ఏమీ లేదు.

“కూడు తేలేదా?” అని అడిగింది, నమ్మలేక.

“అమ్మ వద్దనింది కదక్కా. నీ చేతి ప్రసాదం తింటాలే” అన్నది సుంకమ్మ.

గుడి ముందుకు చేరేసరికి పొయ్యి ఆరిపోయి ఉన్నది. నైవేద్యం కాలేదు. సుంకమ్మ బిడ్డను పక్కనున్నవారికి అందించి, అక్కడే కూలబడిపోయింది. పెదవులు తెల్లబడ్డాయి, చేతులు చల్లబడ్డాయి. చుట్టూ ఉన్నవారందరి దగ్గరా తిండి ఉన్నది, బయటికి తీసే ధైర్యమే లేదు. ఒక ముసలాయన మాత్రం సిగ్గు విడిచి గొంగడిలోంచి మూట తీసి ముద్ద కలిపాడు. సుంకమ్మ ముఖం పక్కకు తిప్పేసుకున్నది.

“వద్దు తాతా. కింది కూడు తింటే నా బిడ్డకేమన్నా అయితే?” అని పళ్ళు బిగించింది.

ఓబులమ్మ మాటను నమ్మిన మనిషి ఈ లోకంలో ఒక్కతే, ఆమె కళ్ళ ముందే పోయేలా ఉన్నది. నిజం చెబితే పొయ్యి పోతుంది. చెప్పకపోతే ఆ పసిబిడ్డకు తల్లి పోతుంది. ఓబులమ్మ ముసలాయన చేతిలోని ముద్ద అందుకొని సుంకమ్మ పక్కన కూర్చున్నది.

“తినవే. అమ్మ ఏమీ చెప్పలేదు. నాకు కలే రాలేదు. నీ వంట మీద ఓర్వలేక నేనే చెప్పినా” అన్నది, అందరూ వినేలా.

సుంకమ్మ ఆమె ముఖంలోకి చూసి, నోరు తెరిచి ముద్ద అందుకున్నది. ఒక్కొక్కరే తమ మూటలు తెచ్చి అమ్మవారి ముందు విప్పారు. నాటి నుంచి అమ్మవారికి మూటలమ్మ అని పేరు వచ్చింది.

పెద్దలు పొయ్యి సుంకమ్మకు ఇచ్చేశారు. ఓబులమ్మ పల్లెకు దిగిపోయింది. మరుసటి జాతరకు గుట్ట ఎక్కనని తలుపు వేసుకొని పడుకుంటే, మధ్యాహ్నపు కునుకులో అమ్మవారు నిజంగానే కనిపించింది. “నీ చేతి అన్నం తిని ఏడాదయింది. వండి మూట కట్టుకొని రా” అన్నది. కింద వండినది తేకూడదు కదా తల్లీ అని ఓబులమ్మ బెదురుతూ అడిగితే, “ఆ మాట నేనెప్పుడన్నాను?” అని నవ్విందట.

నేటికీ జాతరలో సుంకమ్మ సంతతి అయిన చిన్నింటివారు గుట్టమీద వండుతారు, ఓబులమ్మ సంతతి అయిన పెద్దింటివారు కింద వండి మూట తెస్తారు. రెండూ కలిపే అమ్మవారికి నివేదన. ఆ పాత కట్టడికి గుర్తుగా బోర్డును అలాగే ఉంచారు. తిండి తేనివారు నిశ్చింతగా రావచ్చు, వారికి ప్రసాదం ఉన్నది. తెచ్చినవారు దాచుకోకుండా సన్నిధిలో విప్పి, ఏమీ తేనివారికి తొలి ముద్ద పెట్టిన తరువాతే తినాలి. అలా చేసినవారి ఇంట అన్నానికి లోటుండదని, తోడికోడళ్ళ మధ్య పొరపొచ్చాలు సర్దుకుంటాయని నమ్మకం.

నివేదన కాగానే పెద్దింటి కోడలు చిన్నింటి కోడలికి తన చేత్తో ముద్ద పెట్టాలి. పెట్టేటప్పుడు ఏ తరం పెద్దకోడలూ నవ్వగా చూసినవారు లేరు. పెట్టకుండా గుట్ట దిగినదీ లేదు.