అచ్చాయమ్మ కట్టిన ఉయ్యాల

ఒకప్పుడు సాలీళ్ళు గుండ్రటి గూడు తప్ప ఇంకో గూడు కట్టేవి కావు. కందిరీగలేమో ఆకుల మీదే గుడ్లు పెట్టేవి. వాన కొట్టిందంటే ఆకూ పోయేది, గుడ్డూ పోయేది.

గున్నమ్మ అనే కందిరీగకు కిందటేడు అలాగే ఒక గుడ్డు పోయింది. ఈసారి కడుపుతో ఉందని తెలియగానే ఆమెకు సంతోషం కన్నా భయమే ఎక్కువ పట్టుకుంది. పాపం, ఆమెకు దారం తియ్యడం రాదు, అల్లడం రాదు. నిమ్మచెట్టు మీద ఉండే అచ్చాయమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆ చుట్టుపక్కల అచ్చాయమ్మను మించిన సాలీడు లేదు. ఆ సంగతి అందరికన్నా ఎక్కువ ఆమెకే తెలుసు.

“అక్కా, నాకు పుట్టిల్లు లేదు. నా బిడ్డకు ఉయ్యాల ఎవరు కడతారు?” అంది గున్నమ్మ.

“ఓసి పిచ్చిదానా, నేను లేనూ? ఉయ్యాల పుట్టింటివాళ్ళే కదుటే కట్టాలి. ఇదే నీ పుట్టిల్లనుకో” అంది అచ్చాయమ్మ. అంతటితో ఊరుకోలేదు. “పుట్టింటికి ఉత్తచేతులతో వస్తారుటే?” అని కూడా అంది.

గున్నమ్మ ఎండాకాలమంతా దోమల్ని తోలుకొచ్చి గూట్లో పడేసింది. అచ్చాయమ్మ తిని నున్నగా తయారైంది. ఉయ్యాల మాటెత్తితే మాత్రం “రేపు కడతాలేవే” అనేది. ఉయ్యాలలో దోమలు పడవు కదా! దోమలు పడని గూటికి దారం ఖర్చు పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు.

ఒకరోజు మబ్బు కమ్మింది. గున్నమ్మకు నొప్పులు మొదలయ్యాయి.

“అక్కా, ఇంకా కట్టలేదా?”

“రేపు...”

“రేపటికి నా బిడ్డ ఉండదక్కా!” అని ఏడ్చేసింది గున్నమ్మ.

మొదటి చినుకు టప్పున పడింది. గున్నమ్మ చుట్టూ చూసింది. తడవని చోటు ఒక్కటే కనిపించింది. అది ఆకుచాటున కూర్చున్న అచ్చాయమ్మ వీపు. ఎగిరొచ్చి గుడ్డును అక్కడే అంటించింది.

“నువ్వు ఉయ్యాల కట్టేదాకా నా బిడ్డ పుట్టింట్లోనే ఉంటుంది” అంది.

అచ్చాయమ్మ విదిలించింది, దులిపింది. గుడ్డు ఊడలేదు. అది పగిలి పిల్లపురుగు బయటికొచ్చింది. వీపునే కరుచుకుని, ఆమె ఒంట్లో రసం తాగుతూ పెరిగింది. అచ్చాయమ్మ ఎప్పటిలాగే దోమల్ని తింటూ, “దీని సంగతి రేపు చూద్దాంలే” అనుకుంది.

పిల్ల బాగా బలిసింది. “దొడ్డమ్మా, ఉయ్యాల” అంది. అంటూనే ఒక్క కాటు వేసి విషం ఎక్కించింది.

అచ్చాయమ్మ “రేపు” అనబోయింది. నోరు పెగల్లేదు. గుండ్రంగా తిరగాల్సిన కాళ్ళు ఆ విషానికి లొంగి ముందుకీ వెనక్కీ నడిచాయి. ఉన్న నాలుగు పోగుల మీదే మళ్ళీ మళ్ళీ పోగులు వేశాయి. గాలివానకు కూడా తెగని ఉయ్యాల తయారైంది. పని అయ్యాక అచ్చాయమ్మ దాని మధ్యలో కదలకుండా కూర్చుండిపోయింది. పిల్ల ఆమెను పూర్తిగా పీల్చేసి, పెంకును కిందికి తోసేసి, తన చుట్టూ సంచి అల్లుకుని నిద్రపోయింది.

ముసురు వెలిశాక గున్నమ్మ వచ్చింది. ఉయ్యాల ఊగుతోంది. బిడ్డ క్షేమంగా ఉంది. కింద అచ్చాయమ్మ ఎండు పెంకు పడి ఉంది. గున్నమ్మకు సంతోషమూ దుఃఖమూ కలిసి వచ్చాయి.

“చక్కగా కట్టావక్కా” అంది. 

అప్పటినుంచే కందిరీగ సాలీడు వీపు మీద గుడ్డు పెడుతోంది. అప్పటినుంచే ఆ సాలీడు ఆఖరిసారి కట్టే గూడు తనకోసం కట్టుకోదు, కందిరీగ బిడ్డకు ఉయ్యాలగా కడుతుంది. ఆ ఒక్క గూటిని మాత్రం రేపు అనకుండా ఆ పూటే కట్టేస్తుంది.