నడుము లోతు నీళ్లు

వాన చుట్టపుచూపుగా వచ్చిపోయే ఒక సీమను రణధీరుడనే రాజు ఏలేవాడు. ఆయనకు పడవ విహారం మీద మోజు. ఏటికి ఎగువన అడ్డకట్ట వేయించి, సరస్సు నింపి అందులో తిరగాలని ముచ్చటపడ్డాడు. నీళ్లు చాలుతాయా అని ఆస్థాన గణకుడు విరూపాక్షయ్యను అడిగాడు.

గణకుడు ఇరవై ఏళ్ల నీటిమట్టాలు ముందేసుకున్నాడు. వాటిలో మూడేళ్లు ఊళ్లు ముంచిన వరదలు, తక్కినవన్నీ ఏరెండిన కరువులే. అన్నీ కూడి, ఇరవైతో భాగించి, "ఏ ఏడు చూసినా నడుము లోతు నీళ్లు ప్రభూ!" అని మీసం దువ్వాడు.

కొలువులో ఓ పక్కన నిలబడ్డ నీరుగంటి తిప్పన్న ఆ మాట విన్నాడు. పొలాలకు వంతులవారీగా నీళ్లు వదలడం అతని పని. ఏటి చివరనున్న అతని ఊరు మూడేళ్ల కిందటే ఖాళీ అయింది. ఆలుబిడ్డలు కూడా కూలికి దూరదేశం పోయారు. కాలువ పారే చప్పుడు, గట్టు మీంచి కూతురి పిలుపు మళ్లీ వినాలని అతను అల్లాడిపోతున్నాడు. ఎగువన కట్ట పడితే వాళ్లిక రారు.

"సరస్సు దాకా ఎందుకు మారాజా? అయ్యవారి లెక్కన ఈ ఏడూ నడుము లోతే గదా. రేపే ఏట్లో పడవెక్కండి" అన్నాడు తిప్పన్న.

"మా ఆస్థానపు లెక్కకు తిరుగుందా! ఎక్కుతాం" అన్నాడు రాజు.

మర్నాడు ఎండిన ఏట్లో పడవ ఇసుకలో కూర్చుని ఉంది. రాజు తటపటాయించాడు.

"మీరే ఎక్కకపోతే, మీ లెక్క మీద మీకే నమ్మకం లేదని జనం అనుకోరూ?" అన్నాడు తిప్పన్న.

పంతానికి ఎక్కాడు రాజు. ఎండ మాడ్చేస్తోంది. కాసేపటికి నోరెండి, "దాహం!" అన్నాడు.

"నడుము లోతు నీళ్ల మధ్య ఉండి మమ్మల్ని అడుగుతారేం మారాజా? వంగి దోసిలి పట్టండి."

రాజు గణకుడి వైపు చూశాడు.

"అది... సగటు ప్రభూ" అని నసిగాడు గణకుడు.

"అయితే ఆ సగటే కాస్త తాగించండి సామీ" అన్నాడు తిప్పన్న.

అతను ఇసుకలో చెలమ తవ్వాడు. భుజం దాకా చెయ్యి దిగాక చిప్పెడు నీళ్లు ఊరాయి. "ఈ ఏటి లెక్క ఇదీ మారాజా" అని అందించాడు.

రాజు తాగాడు. ఇసుకలో పడవెక్కిన తన వైభవం చూసుకుని పగలబడి నవ్వాడు. "కట్టా వద్దు, సరస్సూ వద్దు! ఏం కావాలో కోరుకో" అంటూ తన శాలువా తీసి తిప్పన్నకు కప్పాడు.

తిప్పన్న చేతులు జోడించాడు. "ఎన్ని నీళ్లొచ్చినా మొదటి వంతు చివరి ఊరికి ఇప్పించండి."

రాజు అక్కడికక్కడే ఆనతిచ్చాడు.

ఆ రోజే తిప్పన్న దూరదేశం పోయే బాటసారులతో ఇంటివాళ్లకు కబురంపాడు. "ఎన్ని నీళ్లొస్తాయో నేను చెప్పలేను. వచ్చినవి మాత్రం ముందు మనకే. వచ్చేయండి, మిమ్మల్ని చూడాలని ఉంది."