దేవవరానికి వచ్చిన పిలుపు

దేవవరానికి బెంగ పట్టుకుంది. గురువుగా అభిషేకం పొందాలంటే ముందు బిషప్‌గారి ఎదుట, బోర్డు ఎదుట ఇంటర్వ్యూకి కూర్చోవాలి. అది రేపే. వాక్యం అడిగితే చెప్పగలడు. ప్రార్థన చేయమంటే ఆపమనేదాకా చేయగలడు. కానీ వాళ్లు తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "నీకు దేవుని పిలుపు ఎలా వచ్చింది?"

తోటి అభ్యర్థులకి ఘనమైన సాక్ష్యాలున్నాయి. ఒకాయన తాగి కాలువలో పడితే ఎవరో చెయ్యి పట్టి లేపారట. ఇంకొకాయన లారీ కింద పడబోతుంటే స్వరం వినిపించిందట. దేవవరం తాగనూ లేదు, లారీ కింద పడబోనూ లేదు. సముద్రం పక్కన ఇసుకపేట చర్చిలో గురువు నతానియేలు అయ్యగారి దగ్గర ఉపదేశిగా చేరి, పిల్లలకి పాటలు నేర్పుతూ, మంచాన పడ్డవాళ్ల ఇళ్లకి తిరుగుతూ ఉండిపోయాడు. ఇందులో బోర్డుకి చెప్పుకోడానికేముంది?

అందుకని ఒక సాక్ష్యం తయారుచేసుకున్నాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అయ్యగారు వరండాలో చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు. దేవవరం మెట్ల దగ్గర చెప్పులు విడిచి, ఎదురుగా నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"నా ఎనిమిదో ఏట నాకు టైఫాయిడ్ వచ్చింది. డాక్టర్లు ఆశ వదిలేశారు. ఆ రాత్రి గది నిండా వెలుగు! ఆ వెలుగులోంచి ఒక స్వరం 'దేవవరమా! దేవవరమా!' అని పిలిచింది."

"బావుంది," అన్నారు అయ్యగారు. "నీ బాప్తిస్మం ఎప్పుడయ్యా?"

"కాలేజీలో చేరిన ఏడాదండి. మీరే ఇచ్చారుగా."

"దేవవరం అని పేరు పెట్టిందీ?"

"అప్పుడేనండి."

"మరి జ్వరం వచ్చినప్పుడు నీ పేరేంటి?"

దేవవరం మొహం మాడిపోయింది. "వెంకటేశ్వర్లండి," అని గొణిగాడు.

పేటలో పెద్దవాళ్లు ఇప్పటికీ అతన్ని ఎంకటేసూ అనే పిలుస్తారు. అతనికది మహా చిన్నతనం. పిలిచినవాళ్లని నిలబెట్టి మరీ "దేవవరం అనండి" అని సరిచేస్తుంటాడు.

"దేవుడికి ముందే తెలిసుంటుంది కదండీ," అని చివరి ప్రయత్నం చేశాడు.

"ఆయనకి తెలిసే ఉంటుంది. నీకు తెలీదుగా. ఎవర్ని పిలుస్తున్నారనుకున్నావు?"

అయ్యగారు ఇంకో గింజ తీశారు. ఆయన నాలుగు చీవాట్లు పెట్టినా బావుండేదనిపించింది దేవవరానికి. సిగ్గుతో చచ్చిపోయాడు. ఉన్న ఒక్క సాక్ష్యమూ పోయింది, తెల్లారితే ఇంటర్వ్యూ.

అంతలో వీధిలోంచి ముసలి సువార్తమ్మ కేక వినిపించింది.

"ఒరే ఎంకటేసూ! మీ తాత మంచం మీంచి పడ్డాడ్రా! నావల్ల కావట్లా, రారా!"

కేక పూర్తయ్యేసరికి దేవవరం వీధిలో ఉన్నాడు. పేరు సరిచెయ్యాలన్న సంగతే గుర్తు రాలేదు.

సువార్తమ్మ మొగుడు పక్షవాతం మనిషి. ఆయన్ని ఎత్తి పడుకోబెట్టి, పాడైన పంచె విప్పి, ఒళ్లు కడిగి, పొడిగుడ్డ కట్టేసరికి దేవవరం చొక్కా అంతా తడిసిపోయింది. వెళదామని గుమ్మం దాటి కాలు పెట్టి, చురుక్కుమనేసరికి వెనక్కి తీసుకున్నాడు. ఎండకి ఇసుక కాలిపోతోంది. వచ్చేటప్పుడు ఆ సంగతి తెలియనే లేదు.

గుమ్మం పక్కన అతని చెప్పులున్నాయి. వేసుకుని వెళ్లడానికి వీలుగా వీధివైపు తిప్పి పెట్టి ఉన్నాయి.

"అయ్యగారు చేత్తో పట్టుకొచ్చాడ్రా," అంది సువార్తమ్మ. "నే వద్దు వద్దంటున్నా ఇన్లా. ఆ మోకాళ్లతో, ఈ ఎండలో."

దేవవరానికి ఆ చెప్పుల్లో కాళ్లు పెట్టబుద్ధి కాలేదు. రెండూ చేత్తో పట్టుకుని, గెంతుకుంటూ, ఆ ఇసుకలోనే తిరిగొచ్చాడు. అయ్యగారు మళ్లీ చింతపండు ముందు కూర్చుని ఉన్నారు.

"వేసుకోమని తెచ్చానయ్యా, మొయ్యమని కాదు."

దేవవరానికి కళ్లనీళ్లు ఆగలేదు. "రేపు నన్నేం చెప్పమంటారు అయ్యగారూ?"

"నాకేం తెలుసు? పిలిచింది నిన్ను."

మర్నాడు ఇంటర్వ్యూ గది బయట చెప్పులు విడిచి దేవవరం లోపలికెళ్లాడు. బోర్డువాళ్లు అవీ ఇవీ అడిగారు. చివరికి బిషప్‌గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇప్పుడు చెప్పు దేవవరం. నీకు పిలుపు ఎలా వచ్చింది?"

అతను గుమ్మంవైపు ఒకసారి చూశాడు.

"ఒరే ఎంకటేసూ, అని వచ్చిందండి."